ఆకుకూరలకు కంపోస్టు టీ: బెల్లం వెయ్యాలా, ఆకుల మీద కొట్టాలా?

ఉప్పల్ మిద్దెతోట
అందరికీ నమస్కారం. మిద్దె మీద రెండడుగులు బై రెండడుగుల గ్రోబ్యాగులు 12 ఉన్నాయి. వాటిలో పాలకూర, తోటకూర, మెంతి, కొత్తిమీర, చుక్కకూర. మట్టి మిశ్రమం ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు), వర్మీకంపోస్టు సమపాళ్లు. పాలకూర రెండో కోత అయ్యాక కింది ఆకులు పసుపు తిరుగుతున్నాయి, కొత్త ఆకు చిన్నగా వస్తోంది. కంపోస్టు టీ, అంటే కంపోస్టును నీళ్లలో నానబెట్టి తీసిన ద్రావణం, పోస్తే కోలుకుంటుందని చాలామంది చెబుతున్నారు కానీ ఒక్కొక్కరిదీ ఒక్కో కొలత. ఒకరు బెల్లం వెయ్యమంటారు, ఒకరు వద్దంటారు. ఒకరు ఒక రోజు చాలంటారు, ఇంకొకరు వారం ఊరబెట్టమంటారు.

నిన్న 20 లీటర్ల బకెట్‌లో 2 కిలోల వర్మీకంపోస్టు, పావుకిలో బెల్లం వేసి మూత పెట్టాను. ఇవాళ మూత తీస్తే కుళ్ళిన గుడ్డు వాసన. ఇది పోయొచ్చా? సరైన పద్ధతి కొలతలతో చెప్పగలరా?

వానపాము తెనాలి
ఆ బకెట్ ఆకుకూరలకు పోయకండి. ముందు ఎందుకు కుళ్ళిందో చెబుతాను, ఎందుకంటే పద్ధతి అంతా అక్కడే ఉంది.

బెల్లం పడగానే నీళ్లలో బాక్టీరియా గంటల్లో విపరీతంగా పెరుగుతుంది. పెరిగే కొద్దీ నీటిలో కరిగిన ప్రాణవాయువును తాగేస్తుంది. మూత ఉంది, కలిపేవాళ్లు లేరు, పైనుంచి గాలి దిగే దారి లేదు. ప్రాణవాయువు అయిపోయాక గాలి లేకుండా బతికే రకాలు పైచేయి అవుతాయి. వాటిలో కొన్ని సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తాయి. మీకు వచ్చిన గుడ్డు వాసన అదే. ఆ నీళ్లలో సేంద్రియ ఆమ్లాలు, ఆల్కహాలు కూడా ఉంటాయి. లేత వేరుకు అవి పడవు. పారబోయనక్కర్లేదు, ఎండుటాకుల కంపోస్టు గుట్ట ఉంటే దాని మీద పోయండి. గుట్టలో మళ్లీ గాలి తగిలి కుదురుకుంటుంది. గుట్ట లేకపోతే నాలుగింతల నీళ్లు కలిపి ఏ కొబ్బరి చెట్టు పాదులోనో పోసెయ్యండి.

ఇక ఇంటి మడులకు నేను చెప్పేది యంత్రం అక్కర్లేని పద్ధతి. నిజానికి దీన్ని టీ అనడం కన్నా "పిండిన నీళ్లు" అంటే సరిగ్గా సరిపోతుంది.

కుళాయి నీళ్లయితే ముందు రోజు రాత్రి వెడల్పాటి టబ్బులో మూత లేకుండా పెట్టండి, క్లోరిన్ పోతుంది. తెల్లారి 10 లీటర్ల నీళ్లకు 1 కిలో బాగా మాగిన వర్మీకంపోస్టు తీసుకోండి. పాత నూలు పంచె ముక్కలో వదులుగా మూట కట్టండి. బిగించి కడితే లోపలిది తడవదు, మధ్యలో పొడి ఉండ మిగులుతుంది. నీళ్లలో ముంచి, పిండి పిసికినట్టు 8 నుంచి 10 నిమిషాలు పిసకండి, పైకెత్తి కారనివ్వండి, మళ్లీ ముంచండి. నీళ్లు డికాక్షన్ రంగుకు వచ్చాక ఆపండి. దానికి సమానంగా మామూలు నీళ్లు కలపండి. గంటలోపు మొక్క మొదట్లో పోసెయ్యండి. మీ రెండడుగుల బ్యాగుకు 2 లీటర్లు చాలు.

మట్టి ముందే తడిగా ఉండాలి. ఎండిన కోకోపీట్ మీద పోస్తే పక్కల నుంచి జారి కింది రంధ్రాల్లోంచి వెళ్లిపోతుంది, మిద్దె మీద మరక తప్ప ఏమీ మిగలదు.

ల్యాబ్ కోటు
బెల్లం సంగతి ఇంకొంచెం గట్టిగా చెప్పాలి. వాసన రాకపోయినా ప్రమాదం ఉంటుంది.

కంపోస్టులో ఈ.కోలి, సాల్మొనెల్లా లాంటి కడుపు జబ్బులు తెచ్చే బాక్టీరియా అతి తక్కువ సంఖ్యలో మిగిలి ఉండొచ్చు. ఉత్త నీళ్లలో వాటికి పెద్దగా తిండి దొరకదు. బెల్లం, మొలాసిస్, పిండి లాంటివి వేస్తే అవి కూడా మిగతా బాక్టీరియాతో పాటు పెరుగుతాయి. గాలి బుడగలు పెట్టినా ఆగవు, ఎందుకంటే ఈ.కోలికి ప్రాణవాయువు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఈ కారణం చేతనే అమెరికాలో సేంద్రియ ప్రమాణాల బోర్డు తరఫున 2004లో ఇచ్చిన కంపోస్టు టీ నివేదిక, తీపి పదార్థాలు కలిపిన టీని, కలపనిదాన్ని వేరువేరుగా చూసింది. కలిపినదాన్ని తినే పంటకు వాడాలంటే 100 మిల్లీలీటర్లకు ఈ.కోలి సంఖ్య 126 దాటకూడదని పరీక్ష పెట్టమంది.

మన ఇంట్లో ఆ పరీక్ష ఎవరు చేస్తారు? కాబట్టి ఆకుకూరలకు బెల్లం వద్దు. వంకాయకూ బీరకాయకూ తేడా చూపొచ్చేమో, ఆకుకూరలో మనం తినేదే మట్టికి జానెడు ఎత్తులో ఉన్న ఆకు. వాన చినుకు పడితే మట్టి ఎగిరి దానికే అంటుకుంటుంది.

ఇంకో మాట. తోటకూర, పాలకూర ఉడికిస్తాం, వేడికి ఇవన్నీ చస్తాయి. కొత్తిమీర, పుదీనా అలా కాదు. చారు దించాక పైన చల్లుతాం, పచ్చడి పచ్చిగా నూరుతాం. ఆ రెండిటికీ టీ వాడకపోతే ఏమీ నష్టం లేదు, కంపోస్టునే మట్టిలో కలపండి.

నేలతల్లి కరీంనగర్
అన్నా, నాకు ఒక్కటి సమజ్ కాలే. మేం జీవామృతం పోస్తున్నం గదా. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, పిడికెడు గట్టు మన్ను. రెండు దినాలు పొద్దున, సాయంత్రం కట్టెతోటి తిప్పుతం. ఎకరానికి పారిస్తం. దాంట్ల బెల్లం ఉండె, పచ్చి పేడనే ఉండె. మరి అది మంచిదైతే ఇది ఎట్ల చెడ్డదైతది?

ల్యాబ్ కోటు
మంచి ప్రశ్న అన్నా. జీవామృతం చెడ్డదని నేననడం లేదు. ఎక్కడ, ఎప్పుడు పోస్తున్నామన్నదే తేడా.

జీవామృతం నేలకు ఇచ్చేది. దుక్కిలోనో, పంట చిన్నగా ఉన్నప్పుడో నీటితో పారితే నేలలోని సూక్ష్మజీవులు, ఎండ, ఆరడం కలిసి పేడలోని హానికరమైనవాటిని రోజురోజుకీ తగ్గిస్తాయి. వరికి, కందికి, పత్తికి కోతకు నెలల గడువు ఉంటుంది. మెంతికూర విత్తిన దగ్గర నుంచి పీకే దాకా కలిపితే 25 రోజులు. అందులో పదిహేనో రోజున పచ్చిపేడ ద్రావణం పోస్తే గడువు పది రోజులే మిగిలింది.

అందుకే ఆకుకూరల మడికి జీవామృతం ఇవ్వదలిస్తే విత్తడానికి ముందు, మడి తయారీలో ఇవ్వండి. మొలకెత్తాక మాగిన కంపోస్టు పిండిన నీళ్లు మాత్రమే. జీవామృతాన్ని ఆకుకూరల ఆకుల మీద పిచికారీ చెయ్యడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

నేలతల్లి కరీంనగర్
ఇప్పుడు సమజైంది. పాలకూర మడులకు మల్ల విత్తేటప్పుడే పోస్త.

మట్టి లెక్క
అసలు ప్రశ్న పాలకూర పసుపు గురించి కదా. దానికి టీ సరిపోతుందా అన్నది లెక్క వేసి చూద్దాం. ఇక్కడే చాలామంది నిరాశపడతారు.

పాలకూరలో మాంసకృత్తులు 100 గ్రాములకు 2 గ్రాముల పైచిలుకు. మాంసకృత్తులను 6.25తో భాగిస్తే నత్రజని. అంటే కిలో పాలకూర కోస్తే మట్టిలోంచి సుమారు 3.5 గ్రాముల నత్రజని బయటికి పోయినట్టు. తోటకూరైతే కిలోకు 5 గ్రాములు, మెంతి ఇంకాస్త ఎక్కువ. రెండడుగుల బ్యాగులో ఒక కోతకు 400 గ్రాములు వచ్చిందనుకోండి, 1.4 గ్రాముల నత్రజని పోయింది. రెండు కోతలకు దగ్గర దగ్గర 3 గ్రాములు.

ఇప్పుడు బకెట్ వైపు చూడండి. వర్మీకంపోస్టులో కనీసం 1 శాతం నత్రజని ఉండాలని మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వు చెబుతుంది. 2 కిలోలకు 20 గ్రాములు. అదంతా నీళ్లలోకి దిగదు, ఎక్కువ భాగం సేంద్రియ రూపంలో పిప్పిలోనే ఉంటుంది. పదో వంతు దిగిందనుకుందాం, 2 గ్రాములు. దాన్ని 12 బ్యాగులకు పంచితే బ్యాగుకు 0.17 గ్రాములు. కావలసింది 1.4. అంటే ఒక కోత తీసుకెళ్లినదాంట్లో ఎనిమిదో వంతు.

కింది ముదురు ఆకులు ముందు పసుపెక్కి, కొత్త ఆకు చిన్నదవడం నత్రజని లోటు లక్షణమే. దానికి టీ మందు కాదు, ఎరువే మందు. ఒక్కో బ్యాగుకు కింద చెప్పిన వాటిలో ఒకటి చాలు, అన్నీ కాదు.

వేరుశనగ చెక్క పొడి 40 గ్రాములు. దీనిలో నత్రజని సుమారు 7 శాతం, అంటే 2.8 గ్రాములు. కొన్ని వారాల్లో అందులో సగం మొక్కకు అందినా ఒక కోత బాకీ తీరుతుంది. లేదా వేపపిండి 60 గ్రాములు, దాదాపు 5 శాతం. లేదా ఆముదపు పిండి 70 గ్రాములు, 4 శాతం పైన. ఇవేవీ లేకపోతే వర్మీకంపోస్టే అర కిలో పైన పరిచి, వేళ్లతో అంగుళం లోతు కలపండి. ఇది నిదానంగా పనిచేస్తుంది.

వేరుశనగ చెక్కను పైన వదిలేస్తే చీమలు, ఎలుకలు వస్తాయి, బూజు కడుతుంది. వరుసల మధ్య వేలితో గాడి చేసి, వేసి, మట్టి కప్పండి. వేరుకు ఆనించొద్దు, కుళ్ళేటప్పుడు వచ్చే వేడి, అమ్మోనియా లేత వేరును కాలుస్తాయి.

వానపాము తెనాలి
లెక్క ఒప్పుకుంటాను. కానీ టీకి విలువే లేదన్న అర్థం రాకూడదు. కోత కోసిన రోజున మొక్కకు ఆకు లేదు, వేరు పని మందగిస్తుంది. ఆ సమయంలో వెంటనే అందే పొటాషియం, కొద్దిపాటి నత్రజని, హ్యూమిక్ పదార్థాలు (మాగిన కంపోస్టులోని నల్లటి సేంద్రియ పదార్థాలు) నీళ్లతో వేరు దగ్గరికి చేరతాయి. వేపపిండి కరిగి పనిచేసే వరకు ఇది మధ్యలో చెయ్యందిస్తుంది. దాన్ని చేతి సాయంగా చూడాలి, భోజనంగా కాదు. చెక్క, టీ రెండూ ఇస్తే పాలకూర మూడో కోతకు నిలబడుతుంది.

మట్టి లెక్క
అలా అయితే నాకూ సమ్మతమే.

ఉప్పల్ మిద్దెతోట
ఇంత వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలు. చేపల తొట్టె పంపు ఒకటి ఇంట్లో ఖాళీగా ఉంది. గాలి బుడగల పద్ధతి ప్రయత్నించాలని ఉంది. మా దగ్గర ఎండాకాలం కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. ఏం జాగ్రత్తలు?

పాదు విజయనగరం
పంపు పద్ధతిలో తప్పులు ఎక్కువ, కాబట్టి ఒక్కొక్కటీ చూద్దాం.

పంపు బలం. బకెట్‌లో నీరు సలసల మరిగినట్టు తిరగాలి, అడుగున మడ్డి నిలవకూడదు. ఒక లీటరు నీటికి నిమిషానికి మూడో వంతు లీటరు గాలి తక్కువలో తక్కువ. 20 లీటర్లకు నిమిషానికి 7 లీటర్ల పైన గాలిచ్చే పంపు కావాలి. చిన్న తొట్టె పంపులు 2 నుంచి 4 లీటర్లు ఇస్తాయి. మీ పంపు డబ్బా మీద అంకె చూసుకోండి. 3 లీటర్లదైతే బకెట్‌లో 8 లీటర్లే పెట్టుకోండి, అంతే.

పంపు స్థానం. ఇది చాలామందికి తెలియదు. పంపును బకెట్ నీటి మట్టం కన్నా ఎత్తున, స్టూలు మీదో గోడకు మేకు కొట్టి తగిలించో పెట్టండి. కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టంలోంచి వెనక్కి పీల్చుకుని పంపులోకి వస్తాయి. మళ్లీ కరెంటు రాగానే పంపు కాలుతుంది, షాక్ ప్రమాదం కూడా. ఎత్తున పెట్టలేకపోతే గొట్టం మధ్యలో వెనక్కి రానివ్వని వాల్వు పెట్టండి, చేపల సామాను దుకాణంలో దొరుకుతుంది. నీళ్ల వైపు చూసే బాణం గుర్తు ఉంటుంది, తిరగేసి పెడితే గాలే రాదు.

వేడి. చల్లటి నీళ్లే ప్రాణవాయువును పట్టుకుంటాయి. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు పట్టే నీళ్లు 30 దగ్గర ఏడున్నరే, 35 దగ్గర 7 లోపే పట్టుకుంటాయి. అదే వేడిలో బాక్టీరియా మాత్రం రెట్టింపు వేగంతో తాగుతుంది. మే నెలలో మిద్దె ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడి. కాబట్టి సాయంత్రం 6 తర్వాత, నీడలో, కుండ నీళ్లంత చల్లగా ఉన్న నీళ్లతో మొదలుపెట్టండి. చలికాలంలో 24 నుంచి 36 గంటలు, ఎండాకాలంలో 12 నుంచి 18 గంటలకే ఆపండి. ఎండాకాలం సాయంత్రం పెడితే తెల్లారి పోసెయ్యాలి.

కరెంటు. బెల్లం లేకుండా చేస్తే గంటసేపు పోయినా పర్వాలేదు, అప్పుడప్పుడూ చెంబుతో ఎత్తి పోస్తూ ఉండండి. రెండు మూడు గంటలు పోయి వాసన మారిందంటే ఆ బకెట్ ఆకుకూరలకు కాదు.

నురుగు. నురుగు బాగా వస్తే టీ బాగుందని అనుకోవద్దు. బెల్లం, పిండి, చచ్చిన వానపాముల మాంసకృత్తులు, ఏది ఉన్నా నురుగు వస్తుంది. గుర్తు వాసన ఒక్కటే. తొలకరికి తడిసిన మట్టి వాసన రావాలి. పుల్లగా, అమ్మోనియాగా, మురుగుగా ఏది వచ్చినా చెడినట్టే.

గాలి ఆపాక 4 గంటల లోపు పోసెయ్యాలి. సీసాలో పోసి దాచుకునేది కాదిది. సీసా మూత బిగిస్తే లోపల వాయువు పుట్టి సీసా ఉబ్బుతుంది.

చివరిది శుభ్రత. బుడగల రాయి, అంటే గొట్టం చివర గాలిని సన్న బుడగలుగా వదిలే రాయి, దాని మీద, గొట్టం లోపల జిగురు పొర కడుతుంది. వేళ్లతో తాకితే సబ్బు ముక్కలా జారుతుంది. దాంట్లోనే పాత బాక్టీరియా దాక్కుని తర్వాతి బకెట్‌ను పాడుచేస్తుంది. ప్రతిసారీ అయిపోగానే బ్రష్‌తో తోమి, మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో అరగంట నానబెట్టి, కడిగి, ఎండలో ఆరబెట్టండి. మడ్డి ఆరిపోతే రాయి సన్న రంధ్రాలు శాశ్వతంగా మూసుకుపోతాయి.

డాలస్ గోంగూర
అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక మాట. క్లోరిన్ రాత్రికి రాత్రి పోతుందని పైన చెప్పారు, అది క్లోరిన్‌కే. ఇక్కడ చాలా నగరాల్లో నీటిలో క్లోరమిన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన మందు) కలుపుతారు. అది బకెట్‌లో రాత్రంతా ఉంచినా పోదు, బుడగలు పెట్టినా పోదు. విటమిన్ సి పొడి, అంటే ఆస్కార్బిక్ ఆమ్లం, చిటికెడు వేసి కలిపితే నిమిషాల్లో పోతుంది. వాననీళ్లు పట్టుకునే వీలుంటే అవే మేలు.

ఇక్కడి సేంద్రియ నియమాల్లో పచ్చిపేడకు 90, 120 రోజుల గడువు ఉంది. తినే భాగం మట్టికి తగిలే పంటలకు కోతకు ముందు 120 రోజులు. ఆకుకూర ఏదీ అన్ని రోజులు మడిలో ఉండదు కాబట్టి, వాటికి పచ్చిపేడ ద్రావణం నిషిద్ధమన్నట్టే. పెరటి తోటకు ఆ నియమం వర్తించదు, అయినా తర్కం మన వంటింటికీ అదే.

నేలతల్లి కరీంనగర్
ఏ కూరకు ఏ దినం పోయాలె, ఏ దినం ఆపాలె, అది చెప్పుండ్రి. 10 గుంటల్ల పాలకూర, తోటకూర, గోంగూర ఏస్త. మొత్తం చెంబు పట్టుకొని పోయలేం గదా.

వానపాము తెనాలి
మొలకెత్తిన మొదటి వారం ఎవరికీ వద్దు. విత్తనంలో ఉన్న తిండే మొక్కకు చాలు. అప్పుడు తడి ఎక్కువైతే మొదలు సన్నబడి పడిపోతుంది, నారుకుళ్ళు అది. టీ పోయడం వల్ల నారు చచ్చిందంటారు కానీ చాలాసార్లు చంపింది అదనపు నీళ్లే.

పీకే పంటలు, అంటే మెంతి, పీకే తోటకూర: విత్తిన 10వ, 17వ రోజుల్లో రెండుసార్లు. అంతటితో ఆపాలి. మెంతి 25 రోజులకు, తోటకూర 25 నుంచి 30 రోజులకు పీకుతారు కాబట్టి కనీసం వారం గడువు ఉంటుంది.

కోసే పంటలు, అంటే పాలకూర, చుక్కకూర, గోంగూర, బచ్చలి: కోసిన మర్నాడు ఒకసారి. పాలకూర తర్వాతి కోతకు 15 రోజులు పడుతుంది, గడువు దానంతట అదే వస్తుంది. మధ్యలో ఇంకోసారి పోయాలనిపిస్తే అయిదో రోజు లోపే.

మీ 10 గుంటలకు 200 లీటర్ల డ్రమ్ములో 20 కిలోల మాగిన కంపోస్టు. పది పది కిలోల రెండు మూటలు చేసి, డ్రమ్ము మీద కర్ర అడ్డంగా పెట్టి వేలాడదీసి, గంటకోసారి కర్రతో కుమ్ముతూ, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఉంచండి. సాయంత్రం పారించే కాలువ మొదట్లో సన్నగా వదిలితే నీటితో పాటు మడులన్నిటికీ వెళ్తుంది.

డ్రిప్‌లో పంపాలంటే వడకట్టడమే అసలు పని. మొదట గోనె, తర్వాత రెండు మడతల నూలు గుడ్డ, ఆ పైన డ్రిప్ ఫిల్టరు. టీ పంపాక 15 నిమిషాలు ఉత్త నీళ్లు వదిలి, గొట్టాల చివరి మూతలు తీసి కడగండి. కడక్కుండా వదిలేస్తే లేటరల్ (మడుల వెంట వెళ్లే సన్న గొట్టం) లోపల జిగురు కట్టి, తెల్లారికి చివరి డ్రిప్పర్లు మూసుకుపోతాయి. వాటి పక్కన మొక్కలు వాడితే గానీ మనకు తెలియదు.

పెరటి బచ్చలి
నేనొకటి ఒప్పుకోను. టీని ఆకుల మీద పిచికారీ చేస్తే తోటకూర తెల్లమచ్చ, పాలకూర ఆకుమచ్చ తగ్గుతాయి. మంచి సూక్ష్మజీవులు ఆకు మీద చోటు ఆక్రమిస్తాయి, శిలీంద్రానికి చోటుండదు. కోతకు పది రోజుల ముందు ఆపితే ఏం ఇబ్బంది?

ల్యాబ్ కోటు
ఆ వాదంలో నిజం కొంత ఉందండి. కొన్ని పంటల్లో, కొన్ని టీలతో రోగాలు తగ్గినట్టు ప్రయోగాలు చూపించాయి. ఇబ్బంది ఏమిటంటే అదే పద్ధతిలో చేసిన మరో బకెట్‌తో అదే ఫలితం రాదు. కంపోస్టు మారితే టీలోని జీవాలు మారతాయి. వచ్చేదాకా తెలియని లాభం కోసం తినే ఆకు మీద తెలియని బాక్టీరియాను పూయడం సరి కాదన్నది నా మాట.

పైగా తెల్లమచ్చ వచ్చేది ఆకు తడిగా ఉన్నప్పుడే. తోటకూర ఆకు తిప్పి చూడండి. పైన లేత పసుపు చుక్క, సరిగ్గా దాని అడుగున సున్నం బొట్టులాంటి తెల్లటి బొడిపె. ఆ బొడిపె పగిలితే వచ్చే పొడి తడి ఆకు మీద పడితేనే మొలుస్తుంది. సాయంత్రం టీ పిచికారీ చేస్తే రాత్రంతా ఆకును తడిపి ఉంచినట్టే. దానికన్నా ఒత్తుగా విత్తడం మానండి, నీళ్లు పొద్దున, మొదట్లో పోయండి, మచ్చ కనపడ్డ ఆకులు తుంచి దూరంగా వెయ్యండి. మట్టిమీద ఎండుగడ్డి పలచగా పరిస్తే చినుకులకు మట్టి ఎగరదు.

నారుకుళ్ళుకు మాత్రం మట్టి దారిలో మంచి ఉపాయం ఉంది. 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి (రోగం తెచ్చే శిలీంద్రాలను అణిచే మేలు శిలీంద్రం) కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో గోనె కప్పి వారం పది రోజులు ఉంచితే తెల్లటి, ఆకుపచ్చటి బూజు అల్లుకుంటుంది. విత్తే ముందు మడిలో కలపడమే. ఇంటికైతే అదే నిష్పత్తిలో 9 కిలోలు, 1 కిలో, 200 గ్రాములు.

పెరటి బచ్చలి
ట్రైకోడెర్మా మాట బాగుంది. అయితే టీ మొదట్లోనే పోస్తాను, పిచికారీ ఆపుతాను. వంటింటి చెత్త డబ్బా అడుగున కుళాయి నుంచి కారే నల్లటి నీళ్లు కూడా ఇదే కోవ కదా, అవి వాడొచ్చా?

మట్టి లెక్క
కాదండి, రెండూ పూర్తిగా వేరు. డబ్బా కింద కారేది సగం కుళ్ళిన చెత్తలోంచి వచ్చిన ఊట. కంపోస్టు ఇంకా కాలేదు, వేడెక్కలేదు, మాగలేదు. పుల్లగా, ఉప్పుగా ఉంటుంది, ఏ క్రిమి ఉందో తెలియదు. డబ్బాలోనే తిరిగి పోసి, ఎండుటాకులో కొబ్బరిపీచో కలపండి. అసలు ఊట ఎక్కువగా వస్తోందంటే డబ్బాలో ఎండు సరుకు తక్కువైందని. ఆకుకూరలకు మాత్రం వద్దు.

టీకి వాడే కంపోస్టు ఎలా ఉండాలంటే, పిడికిట్లో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలే రావాలి, విప్పితే ముద్ద పొడిపొడిగా విడిపోవాలి. ఉల్లి తొక్క, టీ ఆకు ఆనవాళ్లు కనపడకూడదు. గుట్ట పద్ధతిలో చేసినదైతే లోపల 55 డిగ్రీలు దాటి ఉండాలి. వేడి అన్ని వైపులా తగలడానికి 15 రోజుల్లో కనీసం 5 సార్లు తిరగేసి ఉండాలి.

ఉప్పల్ మిద్దెతోట
చెప్పినట్టు వేపపిండి కలిపాను, పిండిన నీళ్లు పోశాను. ఇంకో విషయం చెప్పడం మర్చిపోయాను. కొన్ని పాలకూర ఆకుల అంచులు కాలినట్టు గోధుమరంగులో ఉన్నాయి. మాది బోరు నీళ్లు. టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన లవణాలను కొలిచేది) పెడితే ఉత్త నీళ్లు 900, టీ కలిపాక 1250 చూపించింది. ఇది ఎక్కువా?

మట్టి లెక్క
ఎక్కువే, ఇది మొదటే తెలిస్తే సలహా మారేది. చాలా పాకెట్ మీటర్లు విద్యుత్ వాహకత (నీటిలో ఉప్పు పెరిగే కొద్దీ పెరిగే కొలత) 1 డెసీసీమెన్‌ను 500గా చూపిస్తాయి. అంటే మీ బోరు నీళ్లు 1.8. పాలకూర ఉప్పును కొంతవరకే ఓర్చుకుంటుంది. సాగునీరు 1.3 దాటితే, అంటే మీ మీటరు మీద 650 దాటితే, దిగుబడి తగ్గడం మొదలవుతుంది. టీ కలిపాక 2.5 అయింది. అంచులు కాలడం ఉప్పు వల్లే. కడగని కోకోపీట్‌లోనూ ఉప్పు ఉంటుంది, అది కూడా తోడై ఉండొచ్చు. కింది ఆకుల పసుపు వేరు, ఈ అంచుల కాలడం వేరు. రెండూ ఒకేసారి ఉన్నాయి.

ముందు బ్యాగుల్ని కడగండి. తక్కువ ఉప్పున్న నీళ్లు, మంచినీళ్ల కుళాయివో వానవో, బ్యాగు మట్టి ఎంత ఘనపరిమాణం ఉందో అంత పోయాలి. మీ బ్యాగు 9 అంగుళాల మట్టి అనుకుంటే దగ్గర దగ్గర 85 లీటర్లు. ఒకేసారి కాదు, పది పది లీటర్లుగా, కిందికి కారనిచ్చి మళ్లీ. చివర్లో కారే నీళ్లను మీటరుతో కొలవండి, 650 లోపుకి దిగేదాకా చెయ్యండి. అన్ని నీళ్లు లేకపోతే బాగా కాలిన రెండు మూడు బ్యాగులకు చేసి, మిగతావి వానాకాలానికి వదలండి, వాన ఉచితంగా కడుగుతుంది.

కడిగితే నత్రజని కూడా కొంత కొట్టుకుపోతుంది. కాబట్టి వేపపిండి మోతాదు కడిగాక పది రోజులకు మరోసారి, ఈసారి 30 గ్రాములు. టీ చెయ్యాలంటే ఇకపై కుళాయి నీళ్లతోనే, 10 లీటర్లకు అర కిలో కంపోస్టుతోనే. పొయ్యబోయే ముందు మీటరు 600 దాటితే నీళ్లు కలపండి.

ఉప్పల్ మిద్దెతోట
రేపు మంజీర కుళాయి నీళ్లు వచ్చే రోజు. మూడు బ్యాగులతో మొదలుపెడతాను. మూటలో మిగిలిన పిప్పి పారెయ్యాలా?

వానపాము తెనాలి
అయ్యో, పారెయ్యకండి. నత్రజనిలో ఎక్కువ భాగం దాంట్లోనే ఉందని పైన లెక్క తేలింది కదా. నీళ్లతో కడిగారు కాబట్టి ఉప్పు కూడా కొంత దిగిపోయి ఉంటుంది. కడిగిన బ్యాగుల మీద అంగుళం మందం పరిచి, పైన ఎండుటాకులు కప్పండి.